చెవి మీద కుక్కకాటు చార్ట్: లాసరేషన్ కోడా, బైట్ కోడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికా ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం (ఈడీ) చార్ట్, దానికి మీరు బిల్లింగ్ కోడ్‌లు వేయాలి. పెరట్లో ఆడుకుంటున్న పిల్లవాడి కుడి చెవిని పక్కింటి కుక్క కరిచింది. డాక్టరు "కుడి హెలిక్స్ మీద 3 సెంటీమీటర్ల లాసరేషన్, కార్టిలేజ్ కనిపిస్తోంది, 6-0 నైలాన్‌తో 7 కుట్లు" అని రాశారు. (హెలిక్స్ అంటే చెవి బయటి అంచు, లాసరేషన్ అంటే చీలిన గాయం, కార్టిలేజ్ అంటే మృదులాస్థి, 6-0 నైలాన్ అంటే సన్నని కుట్టు దారం.) రేబీస్ టీకా మొదలుపెట్టారు. మీరు డయాగ్నసిస్‌కు ఎస్01.311ఏ (లాసరేషన్), కుట్లకు 12013 (సింపుల్ రిపేర్) వేశారు. క్యూఏ (కోడింగ్ తనిఖీ చేసేవారు) రెండూ తప్పని చెప్పి ఎస్01.351ఏ (కాటు), 13152 (కాంప్లెక్స్ రిపేర్) పెట్టమన్నారు. డాక్టరే లాసరేషన్ అని రాశాక బైట్ కోడ్ ఎలా వేస్తాం, ఏడు కుట్లకు కాంప్లెక్స్ రిపేర్ ఎలా అవుతుంది అని అడిగారు. (చార్ట్‌లో పేరు, తేదీలు తీసేసి అడిగారు, సంతోషం. చాలామంది స్క్రీన్‌షాట్ యథాతథంగా పెట్టేస్తుంటారు.)

సూటిగా చెబుతాను. డయాగ్నసిస్ విషయంలో క్యూఏ మాటే సరైనది, ఎస్01.351ఏ వేయాలి. రిపేర్ విషయంలో మాత్రం ప్రస్తుతం ఉన్న నోట్‌తో 13152 నిలబడదు, మీ 12013 నిలబడుతుంది. అయితే దాన్ని అక్కడితో వదిలేయకుండా డాక్టరుకు ఒక క్వెరీ (వివరణ కోరే రాతపూర్వక ప్రశ్న) వెళ్లాలి. ఎందుకో కింద చెబుతున్నాను.

ముందు డయాగ్నసిస్. ఐసీడీ-10-సీఎం అనే డయాగ్నసిస్ కోడ్‌ల జాబితాలో చెవి మీద తెరుచుకున్న గాయాలన్నీ ఎస్01.3 కింద ఉంటాయి. లాసరేషన్‌కు 31, లోపల ఏదైనా ఇరుక్కుని ఉంటే 32, గుచ్చుకున్న గాయానికి 33, 34, కాటుకు 35. ఆరో అంకె 1 అయితే కుడి, 2 అయితే ఎడమ, 9 అయితే ఏ వైపో తెలియదని. ఇప్పుడు ఆలోచించండి. కుక్క పళ్లు చర్మాన్ని చీలుస్తాయి, పిల్లి పళ్లు సూదుల్లా గుచ్చుకుంటాయి. అంటే కాటు గాయం ఏదైనా చూడటానికి లాసరేషన్‌లాగో పంక్చర్‌లాగో ఉంటుంది. ఆ ఆకారాన్ని బట్టి కోడ్ వేస్తే 35 అనే వరుసకు పనే ఉండదు. ఇండెక్స్‌లో బైట్ అనే మాట దగ్గరికి వెళ్లి అక్కడ చెవి చూడండి, నేరుగా ఎస్01.35కి తీసుకెళ్తుంది. డాక్టరు ఒక లైన్‌లో లాసరేషన్ అన్నారు, ఇంకో లైన్‌లో కుక్క కరిచింది అన్నారు. రెండూ ఒకే గాయం గురించి. రెండు కోడ్‌లూ వేయకండి, అది ఒకే గాయాన్ని రెండుసార్లు చెప్పడం అవుతుంది.

దీంట్లో ఒక మినహాయింపు ఉంది, ట్రైనింగ్‌లో సరిగా చెప్పరు. కుక్క మీద పడితే పిల్లవాడు వెనక్కి తూలి కంచెకు తగిలి చెవి తెగిందనుకోండి. కుక్క ఉంది, గాయం ఉంది, కాటు లేదు. అప్పుడు మీరు వేసిన ఎస్01.311ఏ సరైనది, బయటి కారణం కోడ్ (గాయం ఎలా తగిలిందో చెప్పేది) కూడా మారుతుంది. "డాగ్ ఎటాక్" అని మాత్రమే రాసి ఉన్న చార్ట్‌లో కరిచిందో లేదో వెతికి చూసుకోవాలి. అలా వెతికితే ట్రయాజ్ (రాగానే నర్సు రాసే) నోట్‌లోనో అంబులెన్స్ షీట్‌లోనో అసలు సంగతి కనిపించిన చార్ట్‌లు మా ఆడిట్‌లో కొన్ని వచ్చాయి. కనిపించిన మాట డాక్టరు నోట్‌తో కలవకపోతే క్వెరీనే దారి.

చర్మం తెగిందా లేదా అన్నది ఇంకో మలుపు. డేకేర్‌లో ఒక పాప ఇంకో పాప చెవి కొరికిన కేసులు ఈడీకి వస్తూనే ఉంటాయి. "పళ్ల గుర్తులు ఉన్నాయి, చర్మం చెక్కుచెదరలేదు" అని రాస్తే అది ఎస్00.471 వరుస, అంటే పైపై కాటు. దానికి ఎస్01.35కి మధ్య ఎక్స్‌క్లూడ్స్1 (రెండూ కలిపి వేయకూడదనే సూచన) ఉంది, ఒకే చెవి మీద ఒకే కాటుకు రెండూ కలవవు. దోమ, నల్లి లాంటి విషం లేని పురుగులు కుడితే ఎస్00.46. తేనెటీగ, తేలు, పాము అయితే ఈ అధ్యాయమే కాదు, విషానికి సంబంధించిన టీ63కి వెళ్లాలి.

ఇక ఏ వైపో తెలియని కోడ్, ఎస్01.359. దీన్ని చూస్తే నాకు చిరాకు. మనిషికి ఉన్నవి రెండే చెవులు, ఏ చెవికి కుట్లు వేశారో ఎవరో ఒకరు రాసే ఉంటారు. గైడ్‌లైన్స్ ప్రకారం డాక్టరు వైపు రాయకపోతే నర్సు లాంటి ఇతర క్లినీషియన్లు రాసిన దాన్నుంచి తీసుకోవచ్చు. డాక్టరు ఒక వైపు, నర్సు ఇంకో వైపు రాస్తే మాత్రం మీరు తీర్పు చెప్పకండి, డాక్టరునే అడగాలి.

చెవి ముక్క ఊడిపోయిందా? చెవి కాట్లలో డబ్బుపరంగా, చట్టపరంగా పెద్ద ప్రశ్న ఇదే. కొంత భాగం తెగి పడిపోతే అది కాటు కోడ్‌తో ఆగదు. పాక్షికంగా తెగిపోతే ఎస్08.12, పూర్తిగా అయితే ఎస్08.11. ఎస్08 కింద ఒక నోట్ ఉంది: పాక్షికమో పూర్తో రాయకపోతే పూర్తి అని తీసుకోవాలి. ఇది చదవకుండా కోడ్ వేసేవాళ్లు ఎక్కువ. తమ్మె చివర చిన్న ముక్క పోయిన మనిషి చార్ట్‌లో డాక్టరు హడావిడిగా "ట్రామాటిక్ ఆంప్యుటేషన్, ఎడమ చెవి" అని వదిలేశారనుకోండి, నియమం ప్రకారం ఆ మనిషికి చెవే లేదన్నట్టు కోడ్ వెళ్తుంది. పరీక్ష భాగంలో "1 సెంటీమీటరు లోబ్ లేదు" అని కనిపిస్తుంటే మీరే పాక్షికం అని మార్చేయకండి, క్వెరీ పెట్టండి. "అవల్షన్" అనే మాట కూడా ఇలాంటిదే. కొందరు డాక్టర్లు చర్మం లేచి వేలాడుతుంటే అంటారు, కొందరు ముక్క ఊడిపోతే అంటారు. కణజాలం పోయిందా, ఉందా అన్నది స్పష్టంగా ఉండాలి.

ఎస్01కి, ఎస్08కి మధ్య ఉన్నది ఎక్స్‌క్లూడ్స్2. అంటే రెండు వేర్వేరు గాయాలుంటే రెండూ వేయొచ్చు. ఒకే కాటుకు ముక్క పోయినప్పుడు నేను ఎస్08 మాత్రమే తీసుకుంటాను, కాటు అన్న సంగతి బయటి కారణం కోడ్ చెబుతుంది.

ఆ బయటి కారణం కోడ్‌లు చూద్దాం. కుక్క కాటుకు డబ్ల్యూ54.0ఎక్స్‌ఎక్స్‌ఏ, పిల్లికి డబ్ల్యూ55.01ఎక్స్‌ఏ. కోతికి ప్రత్యేకంగా కోడ్ లేదు, ఇతర క్షీరదాల కింద డబ్ల్యూ55.81ఎక్స్‌ఏ. ఎక్స్‌లు ఎన్ని వేయాలన్నది కొత్తవాళ్లకు టెన్షన్. లెక్క సులభం, ఏడో స్థానంలో అక్షరం రావాలి, మధ్యలో ఖాళీ ఉన్నంత మేర ఎక్స్. ఎస్01.351కి ఆరు స్థానాలూ నిండాయి కాబట్టి ఎక్స్ అక్కర్లేదు. జరిగిన చోటు, చేస్తున్న పని చెప్పే వై92, వై93 మొదటి విజిట్‌కు ఒక్కసారే. ఈ బయటి కారణాలు దేశమంతటా తప్పనిసరి కావు, రాష్ట్రం నియమమో పేయర్ (బిల్లు చెల్లించే సంస్థ) నియమమో ఉంటేనే తప్పనిసరి. అయినా కాటు చార్ట్‌లో వదలకండి. కాటు ఎవరు వేశారో లేని క్లెయిమ్‌కు ఇన్సూరెన్స్ వాళ్లు వివరాలు అడుగుతూ ఉత్తరం పంపితే పేషెంట్ తలనొప్పి పెరుగుతుంది.

మనిషి కాటు అయితే ఉద్దేశం ముఖ్యం. పొరపాటున పడితే డబ్ల్యూ50.3ఎక్స్‌ఎక్స్‌ఏ, దాడి అయితే వై04.1ఎక్స్‌ఎక్స్‌ఏ. ఉద్దేశం తెలియకపోతే ప్రమాదంగానే తీసుకోవాలని గైడ్‌లైన్. 1997 జూన్ 28న లాస్ వేగస్‌లో మైక్ టైసన్ ఇవాండర్ హోలీఫీల్డ్ కుడి చెవి పై అంచు కొరికి ముక్క ఊడదీసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కొత్త బ్యాచ్‌కు నేను ఇదే కేసు ఇస్తాను. కుడి చెవి, కొంత భాగం పోయింది, అంటే ఎస్08.121ఏ. పని బాక్సింగ్, వై93.71. అప్పుడు క్లాసులో గొడవ మొదలవుతుంది: బాక్సింగ్ రింగులో కొరికితే ఆటలో భాగంగా ప్రమాదమా, దాడా? ఆటలో గుద్దడం ఒప్పుకున్నదే, కొరకడం కాదు, కాబట్టి నా ఓటు వై04.1కే. అప్పట్లో వాడింది ఐసీడీ-9. అందులో చెవి డొప్ప గాయానికి 872.01, కుడి ఎడమ అన్న తేడాయే లేదు, కాటుకు విడిగా వరుసా లేదు. 2015 అక్టోబరు 1న ఐసీడీ-10 వచ్చాకే ఈ వివరాలన్నీ చార్ట్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక అసలు గొడవ, రిపేర్.

సీపీటీ అనే వైద్య ప్రక్రియల కోడ్‌ల జాబితాలో ముఖం, చెవులు, కనురెప్పలు, ముక్కు, పెదాలు ఒక గుంపు. 2.6 నుంచి 5 సెంటీమీటర్ల వరకు సింపుల్ అయితే 12013, ఇంటర్మీడియట్ అయితే 12052. కాంప్లెక్స్‌లో గుంపు మారుతుంది, కనురెప్పలు, ముక్కు, చెవులు, పెదాలకు 2.6 నుంచి 7.5 వరకు 13152. బుగ్గ, నుదురు అక్కడ వేరే గుంపులోకి పోతాయి. చెవి మీదా బుగ్గ మీదా కాట్లు ఉన్న పేషెంట్‌కు సింపుల్ రిపేర్ అయితే పొడవులు కలపాలి, కాంప్లెక్స్ అయితే కలపకూడదు. ఇక్కడ తప్పులు తరచూ చూస్తాను.

మీ క్యూఏ 13152కి ఎందుకు వెళ్లారో ఊహించగలను. 2020లో సీపీటీ కాంప్లెక్స్ రిపేర్ నిర్వచనాన్ని మార్చింది. ఎముక, కార్టిలేజ్, టెండన్ లాంటివి బయటపడటం, గాయం అంచులను డిబ్రీడ్ చేయడం (పాడైన కణజాలం తీసేయడం), విస్తారంగా అండర్‌మైన్ చేయడం (చర్మాన్ని కింది పొర నుంచి విడదీయడం), చెవి హెలికల్ రిమ్ లేదా పెదవి అంచు లేదా ముక్కుపుటం అంచు గాయంలో ఉండటం, రిటెన్షన్ కుట్లు (గాయం విడిపోకుండా పట్టి ఉంచే బలమైన కుట్లు) వేయడం, వీటిలో ఒక్కటైనా ఉండాలని చెప్పింది. మీ చార్ట్‌లో కార్టిలేజ్ కనిపిస్తోంది, హెలిక్స్ అని కూడా ఉంది. క్యూఏ ఆ రెండు మాటలూ చూసి కాంప్లెక్స్ అనేశారు.

కానీ ఆ నిర్వచనం మొదటి భాగం చదవాలి. ఇంటర్మీడియట్ రిపేర్ షరతులు నెరవేరాక, వాటికి అదనంగా ఈ జాబితాలో ఒకటి ఉండాలి. ఇంటర్మీడియట్ అంటే చర్మంతోపాటు కింద ఉన్న పొరను కూడా విడిగా మూయాలి. లేదా బాగా మురికి చేరిన గాయాన్ని చాలాసేపు కడిగో, మట్టీ రేణువులూ తీసో, ఒకే పొరలో మూసినా సరే. మీ నోట్‌లో 6-0 నైలాన్ ఒక్కటే ఉంది, అది చర్మం కుట్టు. రెండో పొర లేదు, కడిగిన వివరం లేదు. కాబట్టి కార్టిలేజ్ ఎంత బయటపడినా ఆ నోట్ సింపుల్‌నే సమర్థిస్తుంది.

చెవి దగ్గర ఇది ఇంకా జటిలం, ఎందుకంటే చెవి ముందువైపు చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. చర్మం పెరికాండ్రియానికి (కార్టిలేజ్‌ను కప్పే పొరకు) అతుక్కుని ఉంటుంది. అందుకే డాక్టర్లు చాలాసార్లు కార్టిలేజ్‌ను కుట్టకుండా, చర్మాన్ని దాని మీదికి లాగి ఒకే పొరలో మూసేస్తారు. వైద్యపరంగా అది మంచి పనే, కోడింగ్ పరంగా సింపుల్. కార్టిలేజ్‌నో పెరికాండ్రియాన్నో కరిగిపోయే దారంతో విడిగా కుట్టి, మీద చర్మం కుట్టారని రాస్తే నేను దాన్ని పొరల మూత గానే ఒప్పుకుంటాను. అప్పుడు కార్టిలేజ్ బయటపడటం కూడా ఉంది కనుక 13152 వస్తుంది. అయితే రెండు దారాలూ, రెండు పొరలూ నోట్‌లో విడివిడిగా కనిపించాలి.

మీ కేసులో క్వెరీ ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కుక్క నోట్లో పడిన గాయాన్ని ఏ డాక్టరూ కడక్కుండా కుట్టరు. కానీ అందరూ చేస్తారు కదా అని మనం రాయలేం. మామూలుగా సెలైన్‌తో కడిగితే సింపుల్‌లోనే కలిసిపోతుంది. ఎంత కడిగారు, ఏం తీశారు అన్నది డాక్టరే చెప్పాలి.

పొడవు గురించి ఒక మాట. ఏడు కుట్లు అన్నది పొడవు కాదు. మీ చార్ట్‌లో 3 సెంటీమీటర్లు అని ఉంది, అదృష్టం. గాయం చెవి డొప్ప ఇటు నుంచి అటు దాకా చీల్చితే ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత అని రెండు కొలతలూ ఉండాలి. రెండు వైపులా మూస్తే, ఒకే రకం రిపేర్ అయితే, ఆ రెండూ కలుపుతాం. ఒకే కొలత రాసి "త్రూ అండ్ త్రూ" అని వదిలేస్తే డాక్టరు చేసిన పనిలో సగం క్లెయిమ్‌లో కనపడదు. ఇంకోటి, స్టెరి-స్ట్రిప్స్ (గాయం మీద అంటించే పట్టీలు) మాత్రమే అంటిస్తే రిపేర్ కోడే లేదు, ఈఎం (డాక్టరు పరీక్షించిన విజిట్‌కు వేసే) కోడ్‌లోనే అయిపోతుంది. ముక్క అతికించిన కేసు వస్తే ఈ రిపేర్ కోడ్‌ల జోలికి వెళ్లకుండా ఆపరేషన్ నోట్ మొత్తం చదవండి. కాంపోజిట్ గ్రాఫ్ట్‌కు (చర్మం, కార్టిలేజ్ కలిపి అతికించే ముక్కకు) 15760 ఉంది, దేనికీ సరిపోకపోతే 69399 అనే అన్‌లిస్టెడ్ కోడ్.

రేబీస్ వైపు వస్తే, డాక్టరు ఎక్స్‌పోజర్ అని భావించి టీకా మొదలుపెడితే జెడ్20.3 (రేబీస్ సోకే అవకాశానికి గురైనట్టు చెప్పే కోడ్) చేర్చాలి. ఇమ్యూన్ గ్లోబులిన్ కూడా ఇస్తే జెడ్29.14. టీకా మందుకు 90675, వేసినందుకు 90471. గ్లోబులిన్ మందుకు దాని రకాన్ని బట్టి 90375, 90376, 90377లో ఒకటి, వేసినందుకు 96372. గ్లోబులిన్ డోసు కిలోకు 20 యూనిట్లు, వీలైనంత గాయంలోకే ఎక్కించి మిగిలింది దూరంగా కండలోకి ఇస్తారు. చెవిలో జాగా తక్కువ, కాబట్టి ఎంత చెవిలోకి, ఎంత తొడకు అన్నది, పిల్లవాడి బరువు ఎంతన్నది నోట్‌లో చూడండి. ఇది లేని క్లెయిమ్‌లు తిరిగొస్తాయి, ఆ మందు ఖరీదు అలాంటిది. కుక్కకు టీకాలున్నాయి, పది రోజులు గమనిస్తారు, ఇప్పుడు ఏమీ వద్దు అని డాక్టరు రాస్తే మీ అంతట మీరు జెడ్20.3 వేయకండి. టెటనస్ ఇస్తే దాని మందు కోడ్, జెడ్23 (టీకా ఇచ్చారని చెప్పే డయాగ్నసిస్ కోడ్) మరిచిపోవద్దు. మూల్యాంకనం విడిగా, గణనీయంగా జరిగితే ఈఎంకు 25 మోడిఫైయర్ (అదే రోజు విడిగా చేసిన పని అని చెప్పే గుర్తు).

తర్వాతి విజిట్ల గురించి మీరు అడగలేదు, కానీ ఇదే పిల్లవాడు మళ్లీ వస్తాడు. ఏడో అక్షరం మొదటిసారి చూస్తున్న డాక్టరా కాదా అన్నదాన్ని బట్టి మారదు, చురుకైన చికిత్స జరుగుతోందా (ఏ), మానుతున్న దశా (డీ) అన్నదాన్ని బట్టి మారుతుంది. ఈడీలో కడిగి తెరిచి ఉంచి, నాలుగో రోజు ప్లాస్టిక్ సర్జన్ మూసినా అది ఏ. కుట్లు తీయడానికి వస్తే ఎస్01.351డీ, మామూలుగా కుట్లు తీయడానికి ఉన్న జెడ్48.02 గాయాలకు వాడకూడదు. పైగా సింపుల్ రిపేర్‌కు గ్లోబల్ పీరియడ్ (తర్వాతి విజిట్లు రిపేర్ డబ్బులోనే కలిసిపోయే గడువు) సున్నా రోజులు, ఇంటర్మీడియట్‌కూ కాంప్లెక్స్‌కూ పది రోజులు. మీరు 13152 వేసి ఉంటే, అదే గ్రూపు డాక్టరు ఐదో రోజు కుట్లు తీసిన విజిట్‌కు డబ్బు రాదు. 12013 అయితే వస్తుంది. ఏ కోడ్ వేసినా మొత్తం లెక్క మారుతుంది కాబట్టే "ఎక్కువ వచ్చే కోడ్" అని ముందే నిర్ణయించుకుని చార్ట్ చదవకూడదంటాను.

చెవి ఎర్రబడి వాచి వస్తే డాక్టరు ఏ మాట రాశారో చూడండి. చర్మం వరకే అయితే హెచ్60.11, అక్యూట్ పెరికాండ్రైటిస్ (కార్టిలేజ్ పొర వాపు) అని రాస్తే హెచ్61.011, రెండూ కుడి చెవికే. ఇన్ఫెక్షన్‌కే చికిత్స కాబట్టి నేను దాన్నే ముందు పెడతాను, వెనక గాయం కోడ్. గాయాన్ని మళ్లీ తెరిచి శుభ్రం చేస్తే గాయానికి ఏ, ఊరికే చూసి వదిలితే డీ. ఆరు నెలల తర్వాత చెవి డొప్ప వంకర పోయిందని వస్తే ముందు హెచ్61.111, తర్వాత ఎస్01.351ఎస్ (చివరి ఎస్ అంటే పాత గాయం పర్యవసానం).

ఇక క్యూఏకి జవాబు ఎలా రాయాలంటే: "డయాగ్నసిస్ మార్పు అంగీకరిస్తున్నాను. 13152కు ఇంటర్మీడియట్ షరతులు నోట్‌లో లేవు, ఒకే పొర మూత, విస్తృత శుభ్రత రాయలేదు. ప్రొవైడర్ క్వెరీ వచ్చేదాకా 12013 ఉంచమని కోరుతున్నాను." క్వెరీలో "మీరు పొరలుగా మూశారు కదా" అని అడగకండి, అది డాక్టరు నోట్లో మాట పెట్టడం. "మూసిన పొరలు, వాడిన దారాలు, గాయం శుభ్రం చేసిన తీరు దయచేసి వివరించండి" అని మాత్రమే అడగండి. జవాబు నోట్‌కు చేర్పుగా, అంటే అడెండమ్‌గా తేదీతో చార్ట్‌లో చేరాకే కోడ్ మార్చండి, ఈమెయిల్లో వచ్చిన సమాధానం ఆడిట్‌లో పనికిరాదు.